పెళ్లికార్ల తాళాలు

పాకాలలో పెళ్లిళ్లకు కార్లు కుదిర్చే దేవేంద్ర నవ్వగా చూసినవాళ్లు లేరు. మండపం ముందు కార్లు ఆగగానే డ్రైవర్ల దగ్గర తాళాలన్నీ తీసుకుని మొలలో దోపుకుంటాడు. ఎందుకని అడిగితే కసురుతాడు. మొన్న అప్పగింతలప్పుడు పెళ్లికూతురి తండ్రి పరుగున వచ్చాడు.

“తాళాలియ్యప్పా, మంచి గడియ దాటిపోతా ఉండాది!”

దేవేంద్ర కళ్లెర్రజేశాడు. “తెల్లారినప్పట్నించీ మీ చుట్టాలను మోసిన డ్రైవర్లను తినకముందే పంక్తిలోంచి లేపేసినారే? వాళ్లు తిననీ, ఇస్తాను.”

ఆయన పళ్లు కొరుకుతూ డ్రైవర్లకు ఆకులు వేయించాడు. కాసేపటికి మళ్లీ చెయ్యి చాచాడు.

“అందరూ లేచినారు గదప్పా!”

“యాడ లేచినారు? ఆ కడాన ఆయన ఇంకా పాయసం తాగతా ఉండాడు,” అన్నాడు దేవేంద్ర, మొల మీద చెయ్యి తీయకుండా.