ఎదురుకాళ్ళవాడి తన్ను

కంచరపాలెంలో మా అక్క ఇంటి ముందు ఒక ఆదివారం పొద్దున్న నా పన్ను విరిగింది. విరగ్గొట్టింది బావ.

పోర్టులో ఎరువుల బస్తా ఎత్తుతుండగా ఆయన నడుం పట్టేసింది. ఎడమ పిర్ర నుంచి పాదం దాకా కత్తితో చీరుతున్నట్టు ఉందని అరిచేవాడు. పనిలోకి రాకపోతే గ్యాంగులో ఆయన చోటు వేరేవాడికి ఇచ్చేస్తానని మేస్త్రీ కబురు పెట్టాడు. దాంతో బావ ఎదురుకాళ్ళవాడిని పిలిపించాడు. తల్లి కడుపులోంచి కాళ్ళు ముందుగా బయటికొచ్చినవాడు తంతే నడుం నొప్పి పోతుందని మా వైపు నమ్మకం. వచ్చినవాడు కూడా పోర్టు కలాసీయే. తాటిమొద్దుల్లాంటి తొడలు. తలస్నానం చేసి తడిబట్టతో వచ్చాడు. బావ వీధిలో చాప మీద బోర్లా పడుకున్నాడు.

నాకప్పటికి గ్రంథాలయం పిచ్చి ముదిరింది. పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి, వైద్య విద్యార్థుల లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. నడుం అధ్యాయం బొమ్మలతో సహా నా తలలో ఉంది.

"ముందు నాను కాలెత్తి సూత్తాను," అన్నాను.

"సూసి ఏటి సేత్తావ్?" ఎదురుకాళ్ళవాడు నవ్వాడు. "కాలెత్తడం నా పని గురూ. నువ్వెల్లి పేజీలు తిప్పుకో."

"సూడనీ. సదివిందేటో తేలిపోద్ది," అంది అక్క. బావను వెల్లకిలా తిప్పింది.

మోకాలు వంగకుండా ఒక చేత్తో అదిమి, రెండో చేత్తో ఎడమ మడమ పట్టి ఎత్తాను. జానెడు లేచిందో లేదో, బావ పిడికిలి నా మూతి మీద పడింది. పన్ను ముక్క, రక్తం కలిపి ఉమ్మేశాను.

"నొప్పి ఎందాకా పోనాది బావా?"

"బొటనేలి దాకా, ఎదవా."

పుస్తకం చెప్పిన దారినే పోయింది. నాకు లోలోపల గర్వం కూడా కలిగింది. తర్వాత కుడికాలు ఎత్తాను. మళ్ళీ అరుపు, మళ్ళీ ఎడమకాల్లోనే. మంచి కాలెత్తితే చెడ్డకాలు నొప్పెడుతోందంటే, వెన్నుపూసల మధ్య మెత్త జారి నరాన్ని నొక్కుతోందని అనుమానించాలి. బొటనవేళ్ళు పైకి లేపమన్నాను. కుడిది లేచింది. ఎడమది లేవలేదు. నా గర్వం అక్కడితో పోయింది.

"తన్నొద్దు. నరం నలిగిపోతంది. ఇప్పుడు తంతే కాలు పడిపోద్ది."

బావ పళ్ళు బిగించి తనే బోర్లా తిరిగాడు. "ఈడి మాట ఇనకు. తన్నీ. రేపు ఎల్లకపోతే నా సోటు పోద్ది."

ఎదురుకాళ్ళవాడి కాలు పట్టుకున్నాను. విదిలించాడు. వీధి కాలవగట్టు మీద పడి నా మోచెయ్యి చీరుకుపోయింది. అక్క రోకలి తెచ్చి వాడి భుజం మీద వేసింది. వాడు రోకలి లాక్కుని ఆమెను గోడకేసి నెట్టాడు. మళ్ళీ కాలు లేచేసరికి నేను పాకుతూ వెళ్ళి, బావ మీద బరువు పడకుండా చేతులు మోపి అడ్డంగా వంగాను. తన్ను నా పక్కటెముకల మీద దిగింది. లోపల పుల్ల విరిగినట్టు చప్పుడైంది. కిందనుంచి బావ మోచేత్తో నా పొట్టలో పొడుస్తూ, "లెగు, లెగు," అంటున్నాడు.

ఎదురుకాళ్ళవాడు మాత్రం కాలు దించేశాడు.

"అయిపోనాది," అన్నాడు నిరాశగా. "ఆదివారం పూటే, అదీ ఒక్క తన్నుకే మహిమ. అది నీకు తగిలీసింది. మళ్ళీ ఆదివారమే."

బావ ఏడుస్తూ నా జుట్టు పట్టి ఊపేశాడు. ఆ ఏడుపులోనే అక్క ఆటో పిలిచి ఇద్దరినీ ఎక్కించింది.

ఆసుపత్రిలో డాక్టరు నాలాగే కాలెత్తి చూశాడు. పాదం పైన గుండుసూదితో గుచ్చితే బావకు తెలియలేదు. మూత్రం సరిగ్గా వస్తోందా అని కూడా అడిగాడు. ఆ నరాలు మరీ నలిగితే మూత్రం కూడా ఆగిపోతుందట. నాకు తట్టని ప్రశ్న అది. ఆపరేషన్ చేశారు. ఈలోగా గ్యాంగులో చోటు పోయింది.

తర్వాత బావ గోపాలపట్నం మార్కెట్లో ఉల్లిపాయలు అమ్మాడు. "నా నోటికాడ కూడు లాగీసేడు" అని నా గురించి ఏళ్ళ తరబడి అందరికీ చెప్పాడు. నా ముఖం మీద అనాలనిపించినప్పుడు, ఎడమ చెప్పు ఈడ్చుకుంటూ, కొండవాలులో ఉన్న మా ఇంటికి మెట్లన్నీ ఎక్కి వచ్చేవాడు.