గళ్ల కాగితం చదివిన పెద్దాయన

ఢిల్లీలో ఒక సెమిస్టర్ నేత డిజైన్ చదివి ఇంటికి వస్తున్నాను. కోరుట్లలో సిరిసిల్ల బస్సెక్కగానే పక్కసీటు పెద్దాయనకు అక్కడ చూసినవన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాను: కంప్యూటర్ గీసే డిజైన్లు, రెండంతస్తుల బస్సులు, మాట్లాడితే నోట్లోంచి పొగలొచ్చే చలి.

రుద్రంగి దగ్గర పోలీసులు బస్సు ఆపారు. నక్సలైట్ల కోసం గాలించే ఆ రోజుల్లో సంచీతో ఉన్న కుర్రవాణ్ణి దింపితే ఎప్పుడు వదులుతారో తెలియదు. నా సంచీలో గళ్ల కాగితాలు దొరికాయి. గడుల నిండా నల్లచుక్కలు.

"ఏందిరా గీ గుర్తులు? దళానికి కబురా?" అన్నాడు ఎస్సై.

పెద్దాయన ఒక కాగితం అందుకున్నాడు. "నేను సిరిసిల్లల సాంచెలు, గదే మరమగ్గాలు, నడుపుత సారూ. నల్లగడికి పోగు పైకి, తెల్లగడికి కిందికి. గిది దుప్పటి అంచు." గడిగడికీ వేలు పెట్టి చదువుతుంటే ఎస్సై విసుగొచ్చి దిగిపోయాడు.

బస్సు కదిలింది. దండం పెట్టబోయాను. ఆయన వేలు ఇంకా ఏడో వరసలోనే ఉంది.

"గీడ ఒక చుక్క మరిచినవ్ కొడుకా. గిట్ల నేస్తే అంచు నిలవది. సారు ముంగట ఎందుకని ఊకున్న."

ఢిల్లీలో మంచి మార్కులు పడ్డ డిజైన్ అది! ఊగే బస్సులోనే ఆ గడి నింపాను. సిరిసిల్ల వచ్చేదాకా మిగతా కాగితాలన్నీ ఒక్కొక్కటే ఆయన ఒళ్లో పెడుతూనే ఉన్నాను.