పసుపునీళ్ళు తాగిన కంప్యూటర్

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఒళ్ళు మంట. మా ఆయన పోయాక ఆ ఇంట్లో ఒక్కదాన్నే పడుకుంటున్నాను, ఒక్కనాడూ ఎవరూ కనపడలేదు. అయినా ఇది చెప్పాలి. నేను చెబుతుంటే మా అక్క కూతురు రమణ రాస్తోంది. నాకు రాయడం రాదు. నా పేరులో నాలుగక్షరాలు మాత్రం బ్యాంకులో సంతకం కోసం మా ఆయన నేర్పారు.

మాది కొవ్వూరు. ఆయనకి బస్టాండు దగ్గర అద్దె గదిలో డి.టి.పి. కొట్టు. శుభలేఖలు, కరపత్రాలు, కడియం నర్సరీల వాళ్ళకి మొక్కల పేర్ల చీటీలు కంప్యూటర్లో కొట్టి ఇచ్చేవారు. నన్ను మాత్రం దాన్ని ముట్టనిచ్చేవారు కాదు. "నీకెందుకే, పాడైపోద్ది" అనేవారు. ఆరేళ్ళు రోజూ టీ పట్టుకెళ్ళి గడప దగ్గరే నిలబడ్డాను.

గుండెపోటుతో పోయారు. పదకొండో రోజు మైల తీస్తున్నామని మా మరిది శేషగిరి మామిడాకుతో కొట్టంతా పసుపునీళ్ళు చల్లాడు. గోడలకి, బల్లలకి, ఆఖరికి కంప్యూటర్ పెట్టెకి కూడా. మర్నాడు నేను స్విచ్చి వేస్తే అది లేవలేదు. "ముండమోసిన చెయ్యి తగిలాక ఇంకేం ఆడుద్ది" అన్నాడు నా మొహం మీదే. నీళ్ళు పోసింది వాడు, చెయ్యి నాదట.

కొట్టు అన్నయ్య తనకే ఇస్తానన్నాడని ఊరంతా చెప్పుకున్నాడు. గది యజమాని చలపతి గారు ఒకటే మాటన్నారు. ఆదివారం లోపు మిషను ఆడితే గది నాది, లేకపోతే శేషగిరిది. రమణకి టైపు వచ్చు, మేమిద్దరం నడుపుకోగలం. అది పోతే నాకు ఇంకో ఆధారం లేదు.

శనివారం పొద్దున రాజమండ్రి నుంచి మెకానిక్ సూర్యం గారొచ్చి పెట్టె విప్పారు. లోపల పసుపు మరకలు, ఎండిపోయిన మామిడాకు ముక్క. తీసి శేషగిరికి చూపించాను. వాడు గోడ వంక చూశాడు.

సూర్యం గారు అంతా తుడిచి, చెడిపోయిన ముక్క మార్చి, "ఫార్మాట్ కొడితే పాతవన్నీ పోతాయక్కా" అన్నారు. పోనివ్వండన్నాను. ముందు ఫ్లాపీ, తర్వాత సీడీ వేసి విండోస్ ఎక్కించడం మొదలెట్టారు. సగంలో ఆగిపోయింది. మళ్ళీ మొదట్నించీ. మళ్ళీ అక్కడే. లోపలి కార్డులు ఒక్కోటీ పీకి చూశారు. మూడోసారి తెరంతా నీలంగా అయిపోయింది. శేషగిరి వెనకాల నవ్వాడు. "వద్దంటే వినదు కదండీ మా వదిన."

అప్పుడు నాకు కోపం ఆగలేదు. గోడ మీద మా ఆయన ఫొటో వంక తిరిగి తిట్టాను. "ముట్టనివ్వలేదు, నేర్పలేదు, ఒక్క ముక్క చెప్పకుండా పోయారు. ఇప్పుడు ఈ కొట్టు కూడా వాడికే వదిలేస్తారా" అన్నాను.

నాలుగోసారి ఆగకుండా ఎక్కేసింది. అందులో వింతేం లేదు, పాత మిషన్లకి అది మామూలేనని సూర్యం గారే అన్నారు.

తర్వాత ప్రింటర్ తగిలించి, సరిగ్గా ఉందో లేదో చూసే కాగితం కొట్టమని నొక్కారు. అది ఎప్పుడూ ఇంగ్లీషులోనే వస్తుందట. ఆ రోజు తెలుగులో వచ్చింది. మిగతాది నాకు తెలీలేదు గానీ, నా నాలుగక్షరాలు గుర్తుపట్టాను.

శేషగిరి లాక్కుని పైకి చదివాడు. "సత్యవతి డి.టి.పి. సెంటర్. ప్రొప్రైటర్..." అని ఆగిపోయాడు. సత్యవతి అంటే నేనే, అప్పటిదాకా మా కొట్టు మా అత్తగారి పేరు మీద ఉండేది.

"ఏవయ్యా, ఇది నువ్వే పెట్టావు కదూ" అని సూర్యం గారి మీద పడ్డాడు. ఆయన సంచి విప్పి చూపించారు. "తెలుగు అక్షరాల సీడీ ఇదిగోనండి, ఇంకా ఎక్కించనే లేదు." ఎప్పుడో కొట్టింది ప్రింటర్లో ఉండిపోయి ఇప్పుడొచ్చిందా అంటే, మా ఆయన పోయిన రోజే దానికి కరెంటు తీసేశాం. మళ్ళీ నొక్కి చూశారు. ఈసారి ఇంగ్లీషు కాగితమే వచ్చింది.

మిషను ఆడింది కాబట్టి చలపతి గారు తాళం నా చేతికిచ్చారు.

ఆ కాగితానికి నేను పూజలు చెయ్యలేదు. బోర్డులు రాసేవాడికిచ్చి అదే పేరు రాయించాను. అది ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు, సూర్యం గారికీ తెలీదు. మా ఆయనే కొట్టారని అందరూ అంటారు, నేను ఒప్పుకోను. ఒకవేళ ఆయనే అయితే, గడప దగ్గర టీ గ్లాసు పట్టుకుని ఆరేళ్ళు నిలబడ్డానుగా, ఈ కొట్టు నీదేనని అప్పుడే చెప్పొచ్చుగా. ఆ కోపం నాకింకా పోలేదు.