ఆంప్లిఫయర్‌ల దసరా కుంకుమ

ఈ ఆదివారం అటక మీద నుంచి బాపు పాత ఆంప్లిఫయర్ దించి, వైరు మార్చి ఆన్ చేసిన. వాల్యూమ్ తిప్పంగనే అదే కరకర. యాదికుందా దోస్తులూ, ఆ చప్పుడు?

మేం కృష్ణానగర్‌ల ఒక్క గది కిరాయికుండేటోళ్లం. బాపు దీని మీదనే పాటలు పెట్టి సినిమా డాన్సర్లకు ప్రాక్టీస్ చేయించేటోడు. పాట మధ్యల కరకరమంటే అందరి ముందు ఆయన ఇజ్జత్ పోయేది. "నేను లేనప్పుడు నువ్వే తిప్పి ఖరాబ్ చేసినవ్" అని నా వీపు మీద రెండు వేసేటోడు. ముట్టలేదంటే నమ్మకపోయేటోడు.

ఇప్పుడు మూత విప్పి చూస్తే ఏముంది, పై జాలీ బొక్కలకెల్లి వాల్యూమ్ కంట్రోల్ నిండ పడ్డ పసుపు, కుంకుమ, నాలుగు అక్షింతలు. ఏటా దసరాకు ఆయుధ పూజ చేసి బాపు తన చేతులతోని చల్లినవే. బ్రష్‌తోని దులిపి, క్లీనర్ కొట్టిన. కరకర పోయింది.

బాపుకిప్పుడు డెబ్బై ఎనిమిదేండ్లు. పిలిచి, దులిపిన పొడి చూపెట్టిన. కండ్లద్దాలు పెట్టుకొని చానాసేపు చూసిండు.

"మరి గప్పుడే మూత విప్పి చూపెట్టొద్దారా?" అన్నడు.

లేచి లోపలికి పోయిండు. సిగ్గుపడ్డడేమో అనుకున్న. కుంకుమ భరిణె పట్టుకొని వచ్చిండు.

"మంచిగైంది గదా, బొట్టు పెడత."

జాలీ మీద రెండు చేతులు అడ్డం పెట్టి, "ఇగ పెట్టు బాపూ" అన్న.