ఎల్లాజీ పట్టే కన్నం

ఎల్లాజీ ఛాతీ కొలత ముప్పై అంగుళాలు. ఊపిరి బిగపట్టి పొంగిస్తే ముప్పై ఒకటి. ఈ అంగుళాల పుణ్యమా అని పోలీసు ఉద్యోగానికి ఒకసారి, సైన్యానికి రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాడు. శ్రీకాకుళం తీరంలో వాళ్ల ఊరివాళ్లు అతనికి నెత్తలి అని పేరు పెట్టారు. నెత్తలి అంటే చిటికెన వేలంత చేప. పేరు పెట్టడంలో మనవాళ్లకు ఉన్న దయాదాక్షిణ్యాలు అంతే.

అయితే ఏ ఒంటిని చూసి పోలీసులూ సైన్యమూ వద్దన్నారో, ఆ ఒంటినే విమానాలు కావాలన్నాయి. విమానంలో ఇంధనం రెక్కల్లో ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని రెక్కకు ఫోటోలు తీసేవాళ్లలో సగంమందికి ఈ సంగతి తెలియదు. రెక్క అడుగున కోడిగుడ్డు ఆకారంలో ఒక కన్నం ఉంటుంది. పద్దెనిమిది అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు. ఇంధనమంతా తోడేసి, ఆవిరి పోయాక, ముఖానికి గాలి గొట్టం తగిలించుకుని ఒక మనిషి ఆ కన్నంలోంచి లోపలికి పాకాలి. టార్చి వేసుకుని ప్రతి తీగనూ చూడాలి. ఎక్కడైనా తీగ లోహానికి ఒరుసుకుని తోలు ఊడిందా, ఎక్కడైనా బిగింపు వదులైందా అని వెతకాలి. ఆరేళ్లుగా హైదరాబాదులో ఒక మరమ్మతు షెడ్డులో కాంట్రాక్టు మీద ఎల్లాజీ చేస్తున్న పని అదే.

ఈ పనికి గడువు ఉంది. ఫలానా తేదీలోగా పరీక్ష పూర్తయినట్టు కాగితం లేకపోతే, ఆ మర్నాటి నుంచి ఆ విమానం నేల మీదే. ఆ ఏడు, అంటే 2017లో, ఆ తేదీ డిసెంబరు ముప్పై ఒకటి. షెడ్డులో ఇంకా నాలుగు విమానాలున్నాయి. రెక్కలోని ఇంధనపు అరల్లో చివరిదానిదాకా దూరగలిగినవాళ్లు ముగ్గురుండేవారు. వారిలో ఒకడు దుబాయ్ వెళ్లిపోయాడు, ఇంకొకడికి పొట్ట వచ్చింది. మిగిలింది ఎల్లాజీ. సరిగ్గా ఆ సమయానికే అతనికి పెళ్లి కుదిరింది.

ఇంజనీరు ఉమాశంకర్ తల పట్టుకున్నాడు. చివరికి సెలవిచ్చాడు గానీ, దానితోపాటు ఒక చెక్క కూడా ఇచ్చాడు. ప్లైవుడ్ పలక, మధ్యలో అచ్చు రెక్క కన్నమంత కన్నం. చివరి అక్షరం కన్నం అంచును తాకేలా మార్కరుతో తన పేరు పూర్తిగా సంతకం చేశాడు.

“రోజూ ఇందులోంచి దూరి చూసుకో. పన్నెండో తారీకు పొద్దున్న నువ్విక్కడ ఉండాలి. ఆ నాలుగూ పూర్తిచేశావా, జనవరి నుంచి పర్మనెంటు. దూరలేకపోయావా, నీకూ నాకూ ఇద్దరికీ ఇంటిదారే” అన్నాడు.

పెళ్లవగానే ఎల్లాజీ అత్తవారింటికి వచ్చాడు. వాళ్లది భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు. అక్కడ విమానాశ్రయం వస్తుందని అప్పటికి రెండేళ్లుగా సర్వే రాళ్లు పాతుతున్నారు. విమానం రాకపోయినా విమానాల అల్లుడు వచ్చాడని అత్త గురమ్మ మురిసిపోయింది. గురమ్మ ఎండుచేపల వ్యాపారి. గంప దించకుండానే సంతలో నలుగురితో పోట్లాడగల గొంతు ఆమెది. మామ సూరయ్య పడవలు చేసే వడ్రంగి. ఆయన తరఫున కూడా ఆమే మాట్లాడేస్తుంది.

ఇక మొదలైంది మర్యాద. పొద్దున్న పాకం గారెలు, మధ్యాహ్నం వంజరం చేప పులుసు, రొయ్యల ఇగురు, సాయంత్రం పీతల వేపుడు. వద్దని చెయ్యి అడ్డం పెడితే, గురమ్మ ఆ చేతి మీదే వడ్డించేది.

రోజూ పొద్దున్నే ఎల్లాజీ పెరట్లో రెండు రాటల మధ్య ఆ చెక్కను కట్టి దూరేవాడు. ముందు రెండు చేతులు, తర్వాత తల, ఒక భుజం, ఊపిరంతా వదిలేసి రెండో భుజం. వీధి వీధంతా చూడ్డానికి వచ్చేది. నాలుగో రోజున నడుం దగ్గర ఇరుక్కుపోయాడు. ముందుకు పోడు, వెనక్కి రాడు. సూరయ్య కాళ్లు పట్టుకుని లాగితే గానీ బయటపడలేదు.

పక్కింటి జగ్గమ్మ గోడ మీంచి అంతా చూసింది. “ఏటే గురమ్మా, అత్త పెట్టిన తిండి ఒంటికి పట్టకూడదని మొక్కుకున్నాడా ఏటి నీ అల్లుడు?” అంది.

ఆ మాట గురమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఆ మధ్యాహ్నం ఎల్లాజీ కంచం ముందు కూర్చుని, “వద్దత్తా, రెండు ముద్దలు సాలు” అనేసరికి ఆమె గరిటె పడేసి లోపలికి వెళ్లిపోయింది. తనూ తినలేదు. భార్య గౌరి బిక్కమొహం వేసింది. అమ్మ వైపు మాట్లాడితే మొగుడికి కోపం, మొగుడి వైపు మాట్లాడితే అమ్మకు ఏడుపు.

వింత ఏమిటంటే, ఆ మర్నాడు ఎల్లాజీ చెక్కలోంచి దూరిపోయాడు. పక్కటెముకలు కాస్త రాసుకున్నాయి, అంతే. ఆ తర్వాతి రోజు అదీ లేదు. సముద్రపు గాలికి ఒళ్లు తగ్గిందనుకున్నాడు. మనసు తేలికపడింది. కంచం నిండింది. అత్త నవ్వింది. పీతలు రెండోసారి వడ్డించినా వద్దనలేదు. భోజనం కాగానే గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. అసలు గొడవంతా ఆ నిద్రలోనే జరుగుతోందని పాపం అతనికేం తెలుసు!

ఎనిమిదో తారీకు పొద్దున్న కన్నంలోంచి ఎంత సులువుగా వచ్చాడంటే, అతనికే అనుమానం వచ్చింది. లేచి చెక్కను దగ్గర పెట్టుకుని చూశాడు. ఉమాశంకర్ సంతకంలో ఉమ ఒక్కతే ఉంది. శంకరుడు మాయమయ్యాడు. అంచంతా కొత్తగా, తెల్లగా, చేత్తో నిమిరితే నున్నగా ఉంది. పని తెలిసినవాడి పనే అది. సూరయ్య తల తిప్పుకున్నాడు. ఆయన లుంగీ మడతలో చెక్కపొట్టు ఉంది.

“మావా! ఇదేటి సేసినావు?” అని అరిచాడు ఎల్లాజీ.

“నానేటి సేసినాన్రా? మీ అత్త ఆకురాయి సేతికిచ్చి అరగదీయమంది, అరగదీసినాను” అన్నాడు సూరయ్య.

గురమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకొచ్చింది. “అవున్రా, నానే సెప్పినాను. నువ్వు తొంగున్నప్పుడు రోజూ కూసింత. కన్నం సిన్నదైతే కన్నాన్ని పెద్దది సేయాల గానీ మనిషిని ఎండబెడతారేటి? ఎండబెట్టీడానికి నువ్వేటి నెత్తలివా?”

చిన్నప్పటి నుంచి పడుతున్న పేరు అత్త నోట వినేసరికి ఎల్లాజీకి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అరుగు మీద కూలబడ్డాడు.

“అత్తా, ఇక్కడ కన్నం పెద్దదైపోనాది. అక్కడ రెక్కకి కన్నం పెద్దది సేస్తే రెక్క ఇరిగిపోద్ది. నాను దూరకపోతే తీగలు సూసీవోడు ఉండడు. ఒక్క తీగ ఒరుసుకుని ఒక్క నిప్పురవ్వ రాలితే ఏటవుతాదో తెలుసా? నూటెనభై మంది అత్తా. ఒక్కో విమానంలో నూటెనభై మంది. సంటిపిల్లలుంటారు. ఈ సెక్క నాకు అబద్ధం సెప్పినాది. దీన్ని నమ్మి నాను తిన్నాను.”

గురమ్మ నడుం మీంచి చేతులు దించి మెల్లగా అడిగింది. పెళ్లయ్యాక ఆమె గొంతు అలా తగ్గడం సూరయ్య వినడం అదే మొదటిసారి.

“మరి ఉద్యోగం?”

“పోతాది.”

“ఎన్ని రోజులున్నాది?”

“మూడు.”

ఆమె లేచి కొంగు నడుముకు దోపింది. తినిపించడంలో ఎంత మొండితనం చూపిందో, మాన్పించడంలో అంతకు రెండింతలు చూపింది. పీతలు జగ్గమ్మ ఇంటికి వెళ్లిపోయాయి. ఎల్లాజీకి పూటకో గ్లాసు అంబలి. పొద్దున్నే ఇసుకలో పరుగు, సాయంత్రం వలలు లాగడం. ఎవరో చుట్టాలు చూడ్డానికొచ్చి అరిసె చేతిలో పెడితే, నోటి దగ్గరకు వెళ్లినదాన్ని లాగేసుకుంది. “అత్తంటే నువ్వే అత్తవే!” అని జగ్గమ్మ బుగ్గలు నొక్కుకుంది.

ఉమాశంకర్‌కు ఫోన్ చేసి కొలతలు మళ్లీ చెప్పించుకున్నారు. సూరయ్య పడవకని దాచుకున్న పలక తీసి కొత్త కన్నం కోశాడు. గురమ్మ దర్జీ దగ్గరి టేపు తెచ్చి పొడవూ వెడల్పూ రెండుసార్లు కొలిపించింది. తర్వాత కుంకుమ తడిపి, అంచు చుట్టూ తన బొటనవేలి ముద్రలు వరసగా వేసింది.

“దీని జోలికెవడైనా వస్తే సేతులిరగ్గొడతాను” అంది మొగుడి వంక చూస్తూ.

తొమ్మిదిన నడుం పట్టలేదు. పదిన సగం పట్టింది. నూనె రాసుకుంటానని గౌరి చేత సీసా తెప్పించాడు. “అక్కడ రెక్కలోకి నూనె రాసుకుని ఎల్తావేటి?” అని గురమ్మ సీసా లాక్కుంది. పదకొండో తారీకు పొద్దున్న వీధంతా ఊపిరి బిగపట్టింది, ఎల్లాజీ మాత్రం ఉన్న ఊపిరంతా వదిలేశాడు. గింజుకున్నాడు, మెలికలు తిరిగాడు, పక్కల తోలు గీరుకుపోయింది. చివరికి అవతలి వైపు ఇసుకలో పడ్డాడు. పొట్ట చుట్టూ ఎర్రగా అత్త వేలిముద్రలు. గౌరి చప్పట్లు కొట్టి, వెంటనే సిగ్గుపడి లోపలికి పరిగెత్తింది.

సాయంత్రం విజయనగరం స్టేషనులో రైలెక్కించేటప్పుడు గురమ్మ అరిసెలు నింపిన ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. మూతకు గుడ్డ చుట్టి వలతాడుతో బిగించి, ముడి మీద కుంకుమ ముద్ర వేసింది. “పనైపోయే వరకూ ఇప్పకూడదు. ఇప్పితే నాకు తెలిసిపోద్ది” అంది.

ఆ డబ్బా షెడ్డులో ఎల్లాజీ పెట్టెలో పద్దెనిమిది రోజులుంది. ఇరవై తొమ్మిదిన, నాలుగో విమానం చివరి అరలో, టార్చి వెలుగులో అతనికి ఒక తీగ కనిపించింది. బిగింపు దగ్గర ఒరుసుకుని బియ్యపు గింజంత మేర తోలు ఊడి రాగి మెరుస్తోంది. చాలాసేపు దాన్నే చూస్తూ పడుకున్నాడు. తర్వాత గుర్తు పెట్టి, బయటికి పాకి వచ్చి ఉమాశంకర్‌కు చెప్పాడు. మర్నాటికి తీగ మారింది, కాగితం మీద సంతకం పడింది. ఈసారి పూర్తి సంతకం.

ఇంటికి ఫోన్ చేశాడు. ఎవరు ఎప్పుడు ఎక్కణ్నుంచి మాట్లాడినా గురమ్మ మొదట అడిగేది అన్నం తిన్నావా అని. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఇంకో మాటతో మొదలెట్టగా ఎవరూ వినలేదు.

“దూరినావా?” అంది.

“దూరీసినానత్తా. నాలుగూ అయిపోనాయి.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

“అయితే డబ్బా ఇప్పు” అంది గురమ్మ.