బిర్రు బాబాయి బొటనవేలు

మడతకత్తుల కొట్టాయనకి బిర్రు బాబాయి అన్న పేరు ఎవరు పెట్టారో గానీ, వాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఆయనకి ఏదైనా సరే బిర్రుగా ఉండాల్సిందే. మంచం నవారు బిర్రుగా ఉండాలి, చొక్కా బొత్తాం బిర్రుగా ఉండాలి, సీసా మూత బిర్రుగా ఉండాలి. ఇక మడతకత్తి సంగతి చెప్పనే అక్కర్లేదు. లాగితే గోరు ఊడొచ్చినంత పనవ్వాలి. తెరుచుకున్నప్పుడు టక్కుమనాలి, మూసినప్పుడు టప్పుమనాలి, ఆ చప్పుడు ఎదురు వరస కొట్లలో వినపడాలి. లేకపోతే అది కత్తి కాదు, దువ్వెన.

ఇన్ని మాటలు చెప్పే మనిషి తన చేత్తో ఒక్క స్ప్రింగు బిగించి ఎంతకాలమైందో అడక్కండి. ఆ పని పిన్నిది. పిన్ని అంటే ఆయన భార్య, కానీ బజారంతటికీ పిన్నే. ముందు కూర్చుని కబుర్లు చెప్పి అమ్మేది ఆయన. వెనక బల్ల దగ్గర ఆకురాయి పట్టుకుని స్ప్రింగు అరగదీసి, మేకు దిగ్గొట్టి, కత్తికి తెరుచుకుని మూసుకునే నడక నేర్పేది ఆవిడ.

ఎలాంటి నడక కావాలని పిన్ని ఎవర్నీ అడగదు. అడిగితే జనం అబద్ధాలు చెబుతారు. వచ్చిన ప్రతి మగాడూ బిర్రుదే కావాలంటాడు. అందుకని మేకుల డబ్బా చేతికిచ్చి, "ఈ మూత కాస్త తీసిపెట్టు నాయనా" అంటుంది. వాళ్ళు తిప్పుతుంటే వేళ్ళవైపు చూస్తుంది. దర్జీకి మెత్తటి నడక ఇచ్చింది, అతను కబుర్లు ఆపకుండా తెరవాలి కాబట్టి. తోటమాలిది సగం మూసుకుని ఒకసారి ఆగుతుంది, బురద చేతులతో మూసినా వేలు తెగదు. పింఛను పుచ్చుకునే గుమాస్తాగారికి మాత్రం బాగా చప్పుడయ్యేది ఇచ్చింది. ఆయన దాంతో కోసేదేమీ లేదు, పొద్దస్తమానం తెరుస్తూ మూస్తూ కోడల్ని విసిగించడమే. కొన్న ప్రతివాళ్ళకీ ఒకటే తిట్టు తిడుతుంది, "పిడి నడుమ పట్టుకోకు, కొసల దగ్గర పట్టుకో, అది కత్తి, ఎవరి గొంతో కాదు" అని.

బాబాయి సొంత కత్తి వేరు. రోజూ భోజనమయ్యాక కొట్టు బయట కుర్చీ వేసుకుని, కమలాపండు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి గోటితో దాన్ని టక్కుమని తెరుస్తాడు. తెరిచి ఊరుకుంటాడా, ఈ కత్తి తెరిచే మొనగాడు ఈ బజారులో లేడని అందరికీ వినపడేలా అంటాడు. ఎవరూ చెయ్యి చాపరు. చాపి పరువు పోగొట్టుకోవడం ఎందుకని వాళ్ళ భయం.

అసలు సంగతి పిన్నికి తెలుసు. ఒక చలికాలంలో ఆయన బొటనవేలు కణుపు వాచింది. వాపు తగ్గింది గానీ పట్టు తిరిగి రాలేదు. ఒక మధ్యాహ్నం కత్తి తెరుచుకోలేదు. ఆయన ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు కొట్టుకి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. తినమంటే తిన్నాడు, మాట్లాడమంటే మాత్రం ఊహూ. నోటికి తాళమంటూ ఎరగని మనిషి అలా అయిపోయేసరికి పిన్ని ఇక ఆగలేకపోయింది. ఆయన చొక్కా జేబులోంచి కత్తి తీసి, స్ప్రింగు కాస్త అరగదీసి, మళ్ళీ జేబులో పడేసింది.

"ఏమండీ, నాకీ పండు ఒలిచిపెట్టండి" అంది ఏమీ ఎరగనట్టు.

కత్తి టక్కుమంది. "చూశావా, వేలు బాగుపడింది" అని ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు.

అప్పట్నించీ ఆయన వేలి పట్టు తగ్గినకొద్దీ కత్తి బిర్రు తగ్గిస్తూ వస్తోంది. చప్పుడు తగ్గకుండా బ్లేడు మొదట్లో స్ప్రింగుకి కొట్టుకునే మూలని మాత్రం పదునుగా ఉంచింది. ఇప్పుడా కత్తిని పాలపళ్ళ పిల్లకిచ్చినా తెరుస్తుంది. ఆ సంగతి ఆయనకి తెలిసిందా, మళ్ళీ గోడవైపు తిరుగుతాడు, ఈసారి పండు చూపిస్తే లేవడు.

ఇలా సాఫీగా సాగుతుంటే పిన్ని తమ్ముడికి కుదురు లేకపోయింది. ఎదురుగా తాళాల కొట్టు అతనిది. ఆ తాళాలు అమ్ముకుని ఊరుకోక, మీట నొక్కితే తెరుచుకునే కత్తులు తెప్పించాడు.

"బావా, చూడు. నొక్కితే చాలు, దానంతటదే తెరుచుకుంటుంది."

"దానంతటదే తెరుచుకుంటే మధ్యలో నువ్వెందుకురా?" అన్నాడు బాబాయి. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు.

బావమరిదికి ఒళ్ళు మండింది. "అయితే రేపు నీ కత్తి నా చేతికియ్యి. తెరిచానంటే నా మీట కత్తులు నీ కొట్టు గుమ్మానికి వేలాడదియ్యాలి."

"తెరవలేకపోతే?"

"రోజూ పొద్దున్నే నీ కుర్చీ నేనొచ్చి వేస్తా."

"నువ్వొక్కడివేం, బజారంతా రండి" అన్నాడు బాబాయి మీసం మీద చెయ్యేసి.

వెనక బల్ల దగ్గర పిన్ని ఆకురాయి కింద పెట్టేసింది. స్ప్రింగు బిగిస్తే ఈయన తెరవలేడు. బిగించకపోతే బజారంతా తెరుస్తుంది. ఆయన టీకి వెళ్ళగానే, నూనె వేస్తానని అడిగి తీసుకున్న కత్తిని ముందు పెట్టుకుని, తమ్ముణ్ణి నోరారా తిట్టుకుంది. తిడుతుంటేనే దారి దొరికింది. ఆ వెధవ ఎలా పట్టుకుంటాడో ఆవిడకి తెలియదా? చిన్నప్పుడు పెన్సిలు పట్టుకున్నా విరిగేది.

పిడికి రెండు పక్కలా ఉండే రేకుల్ని విప్పి, నడుమ పల్చగా అరగదీసి మళ్ళీ బిగించింది. ఆయన పట్టుకున్నట్టు కొసల దగ్గర పట్టుకుంటే బ్లేడు ఎప్పట్లాగే కదులుతుంది. నడుమ పట్టి నొక్కితే రేకులు లోపలికి వంగి బ్లేడుని పట్టేస్తాయి. ఎంత బలం పెడితే కత్తి అంత మొండికేస్తుంది.

మర్నాడు భోజనాలవగానే జనం పోగయ్యారు. తమ్ముడు కత్తిని గుప్పిట్లో బిగించి లాగాడు. కణతల మీద నరాలు తేలాయి, కత్తి కదల్లేదు. బస్తాలు మోసేవాడు ప్రయత్నించాడు. బేకరీ ఆయన అంగలు వేసుకుంటూ వచ్చి, గోరు చప్పరించుకుంటూ వెళ్ళాడు. దర్జీ మాత్రం నాకు పనుందని జారుకున్నాడు. అప్పుడు బాబాయి కత్తిని రెండు కొసల దగ్గర నాజూగ్గా పట్టుకుని, టక్కుమనిపించి, కమలాపండు ఒలవడం మొదలుపెట్టాడు.

తమ్ముడికి మింగుడు పడలేదు. "ఏదో మాయ ఉంది. అక్కా, నువ్వు తెరువు చూద్దాం."

"ఇదుగో, ఇవ్వండర్రా" అన్నాడు బాబాయి కత్తి మూసి చాపి, తొన నోట్లో వేసుకుని. "నా వల్ల తప్ప కాదంటుంటే వినరేం? మా ఆవిడ వల్ల అసలే కాదు."

ఆ మాటకి పిన్నికి ఎక్కడో కాలింది. తను పెంచిన కత్తి తన వల్ల కాదట. చిటికెనవేలితో తెరిచి ఆయన ముక్కు కింద పెడదామని వేళ్ళు తహతహలాడాయి. తలెత్తి చూస్తే ఆయన నవ్వుతున్నాడు, గెడ్డం మీద పండు రసం కారుతోంది. పిన్ని కత్తిని నడుమ గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి లాగి, "నా వల్ల కాదు బాబూ" అని ఇచ్చేసింది.

జనం చప్పట్లు కొట్టారు. బాబాయి మాత్రం కొట్టలేదు. ఆవిడ వేళ్ళవైపే చూస్తున్నాడు.

సాయంత్రం షట్టరు సగం దించాక అడిగాడు. "కొన్న ప్రతివాణ్ణీ నడుమ పట్టుకోవద్దని తిడతావు. నువ్వు పట్టుకున్నావే?"

"కంగారులో పట్టుకున్నానండీ."

"నీకా, కంగారా?"

ఆయన కత్తి తీసి ఎడమచేతి చిటికెనవేలితో లాగాడు. టక్కుమంది. మళ్ళీ మూశాడు, మళ్ళీ లాగాడు. రేపు ఈయన గోడవైపు తిరిగి పడుకుంటే ఏం చెప్పి లేపాలా అని పిన్ని అప్పుడే వెతుక్కుంటోంది.

ఆయన కత్తిని ఆవిడ చేతిలో పెట్టి, షట్టరు మిగతా సగం దించమన్నట్టు పక్కకి జరిగాడు. దాన్ని ఆయన దించలేడు.

"పొద్దున్నపూట వేలు మరీ పట్టేస్తోందే. రేపు ఇంకాస్త వదులు చెయ్యి" అన్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"చప్పుడు మాత్రం తగ్గించకు."