ఓజెల్లా తీసి ఉంచిన తలుపు

దక్షిణ మెంఫిస్‌లో ఓజెల్లా ప్రూయిట్ పేరు తెలియనివాళ్లుంటే, వాళ్లు నిన్నగాక మొన్న దిగినవాళ్లే. పదహారేళ్లప్పుడు మా చర్చిలో సొంతంగా కట్టిన పాట పాడింది: "తలుపు తీసే ఉంచాను, రా యేసయ్యా." పియానో నాది. పాతికేళ్ల వయసులో అదే పాటలో యేసయ్యను తీసి "బంగారం" అని పెట్టి, ఇంకో రెండు కొంటె చరణాలు చేర్చి రికార్డు చేసింది. బాణీ మారలేదు, తలుపూ మారలేదు. రేడియో ఉన్న ప్రతి చేపల కొట్టులోనూ అదే మోగింది.

ఆమె తల్లి ఐడెల్లా మా చర్చికి పెద్దమ్మ, అంటే అందరూ తల్లిలా గౌరవించే పెద్దావిడ. తెల్ల బట్టలు, తెల్ల గ్లౌజులు, ముందు బల్ల. దేవుడి పాటను సారా కొట్టుకు తోలిందని ఆవిడ మంట. కూతురికి కోడి వేపుడు కొసరి కొసరి పెట్టేది, పాట ఊసు మాత్రం ఎత్తేది కాదు. ఆ రికార్డు తర్వాతి ముప్ఫయ్యేళ్లలో ఓజెల్లా ఇంకో నలభై పాటలు రాసింది, ఊరూరా పాడింది, ఇద్దరు మొగుళ్లను వదిలించుకుంది. అమ్మ నోట ఒక్క మాట రాబట్టలేకపోయింది.

చర్చి నూరేళ్ల పండుగకు ఆ పాత పాటను యేసయ్య మాటలతోనే పాడమని పాస్టర్ ఆమెను అడిగాడు.

"క్లీటస్, ఈసారీ అమ్మ నోరు విప్పకపోతే ఇక ఆశ వదిలేస్తాను రా," అంది నాతో.

"ముందు మాటలు తప్పు పోకుండా పాడు," అన్నాను.

మొదటి చరణం చక్కగా సాగింది. రెండోదానికి నా పాడు వేళ్లు అలవాటుకొద్దీ క్లబ్బు దరువులోకి జారాయి. ఆమె గొంతూ వెంటే వచ్చింది: "రా బంగారం."

విసనకర్రలు ఆగిపోయాయి. పాడేవాళ్లు తడబడితే మావాళ్లు "నెమ్మదిగానమ్మా, తొందరేం లేదు" అంటారు. ప్రేమగానే అంటారు గానీ, అది వినబడిందంటే పరువు పోయినట్టే. వెనక బల్లల్లోంచి ఆ మాట రానే వచ్చింది. ఓజెల్లా పాట ఆపేసింది.

అప్పుడు ఐడెల్లా బల్ల పట్టుకుని లేచి, వణికే గొంతుతో అందుకుంది: "బూట్లు బయటే విప్పు, పక్కింటావిడ చూస్తోంది."

ఆ చరణం రికార్డులో తప్ప ఎక్కడా లేదు. నాకు కళ్లు తడిసి పియానో మెట్లు కనబడలేదు.

"అమ్మా, ఇది నీకెలా వచ్చు?"

"పక్కింటి రేడియో."

"ఆ రికార్డు రాకముందే పక్కిల్లు పడగొట్టేశారమ్మా."

చర్చంతా నవ్వింది. ఐడెల్లా గ్లౌజు సవరించుకుంది.

"సరేలే, ముందు పాట ముగించు. ఈ చరణం నువ్వెప్పుడూ తొందరగా లాగేస్తావు పిల్లా. మొదట్నుంచీ అంతే."

ఈసారి ఓజెల్లా నెమ్మదిగా పాడింది.